మాట్లాడితే చాలు

సన్యాసమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా కూతురి ఇంటర్వ్యూ ఎలా ఏడ్చిందో ఆమెకి ఇట్టే తెలిసిపోయేది. వాట్‌గంజ్ వెనకాల కలకత్తా కార్పొరేషన్ క్వార్టర్లలో వాళ్లకున్నది ఒక గది, గుడ్డ తెర అవతల ఒక వంట వసారా. సమీర ఆ గదిలో గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, కాలేజీ వాళ్లు కుట్టించిన నల్లకోటు తొడుక్కుని మాట్లాడుతుంటే, సన్యాసమ్మ తెర వెనక గరిటె కూడా కదపకుండా కూర్చునేది. మాటలు అర్థం కాకపోతేనేం, గొంతు అర్థమవుతుంది కదా. మొదట్లో కూతురి గొంతు ధీమాగా ఉండేది. మధ్యలో అవతలివాళ్లు ఏదో అడిగేవారు. అక్కణ్ణించి సన్నబడేది. అలా సన్నబడ్డ గొంతు మళ్లీ కోలుకోవడం ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

పోనీ ఆ పిల్ల వైపు లోపం ఏమైనా ఉందా అంటే, భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. కాలేజీకి వెళ్లేవాళ్లలో సగంమంది క్యాంటీన్ బల్లలు అరగదీసి ఇంటికొస్తారు. సమీర ఆ కాలేజీని చెరుకుగడని పిండినట్టు పిండింది. కంప్యూటర్లో ఎక్సెల్ నేర్పుతామంటే ముందు వరసలో కూర్చుంది. ఇంగ్లీషులో మాట్లాడుకునే క్లబ్బు పెడితే దానికి సెక్రటరీ అయింది. పెద్ద కంపెనీల వాళ్లు ఉపన్యాసాలివ్వడానికొస్తే, మిగతావాళ్లు చివర్లో పంచే సమోసాల కోసం కూర్చున్నారు, ఈ పిల్ల లేచి ప్రశ్నలడిగింది. వేసవి సెలవుల్లో పార్క్ స్ట్రీట్ ఆఫీసు ఒకదానిలో జీతం లేకుండా చాకిరీ చేసింది. జీతం లేని పనేంటని తండ్రి గురువులు అడిగితే, అనుభవం కోసం అంది.

"అలగైతే నాకాడ బోల్డంత అనుభవం ఉన్నాది. ఎవుడూ అడగడేటి?" అన్నాడు గురువులు. ఆయన పెళ్లికాక ముందు నుంచీ కార్పొరేషన్ వీధులు ఊడుస్తున్నవాడు.

మొదటి ఏడాదిలోనే, కాలేజీలో ఉద్యోగాల వ్యవహారం చూసే సోహినీ మేడమ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక హితవు చెప్పింది. ఇంట్లో మాట్లాడే భాష నాలుకని పట్టుకుని వదలదు, ఇంగ్లీషులోకి కూడా వచ్చి తిష్ఠవేస్తుంది, ముందు దాన్ని వదిలించుకోండి అని. మిగతా పిల్లలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. సమీర ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తెలుగు మానేసింది. సిగరెట్టు మానేసినవాళ్లయినా అప్పుడో ఇప్పుడో జారతారు. ఈ పిల్ల జారలేదు. తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబు. తండ్రి తెలుగులో కోప్పడితే ఇంగ్లీషులో సారీ.

"ఇది మన గుంటేనా, అద్దికొచ్చిన మనిసా?" అని గురువులు విసుక్కునేవాడు.

"ఊరుకో. దాని సదువు అలగ సెప్పింది. నీకు దాని మాటల ముద్దే కావాలి గానీ, దానికి నౌకరీ వద్దేటి?" అని సన్యాసమ్మ కసిరేది. కసిరేసి, వసారాలోకి వచ్చి, శ్రీకాకుళంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చార్జింగు అయిపోయేదాకా మాట్లాడేది. కడుపులో మాటలు పేరుకుపోతే మనిషి ఏం చేస్తుంది మరి.

ఉద్యోగం కోసం ఇంత ఆరాటం ఎందుకంటే, గురువులు వచ్చే దుర్గాపూజల నాటికి రిటైరవుతాడు. కార్పొరేషన్ చీపురు వదిలినవాడు కార్పొరేషన్ గదీ వదలాలి. ఆ క్వార్టర్ల వరసలో తాతలనాటి పద్ధతి ఒకటుంది. తండ్రి పనిలోంచి దిగితే ఆ ఇంట్లోంచే ఇంకొకరు అదే వార్డులో పనికెక్కుతారు, గది నిలబడుతుంది. ఇప్పుడు పర్మనెంటు పనులు లేవు, కాంట్రాక్టే. అయినా గది నిలబడుతుంది. సూపర్‌వైజరు దాదా మంచివాడే, పిల్ల పేరు ముందే ఇచ్చేయండి, ఇంకొకరు తన్నుకుపోతారు అని కబురు కూడా పెట్టాడు. నేనే వెళ్తానంది సన్యాసమ్మ. ఉబ్బసం మనిషికి ఆ పని ఇవ్వరన్నారు. అత్త ఊడ్చింది, మొగుడు ఊడ్చాడు, రొప్పు పట్టేదాకా సెలవు పెట్టినవాళ్ల బదులు తనూ ఊడ్చింది. కూతురి చేతికి మాత్రం చీపురు అందనివ్వనని గోడమీది అమ్మవారి పటం ముందు ఎన్నిసార్లు అనుకుందో. పూజలలోపు చిన్నదో పెద్దదో ఉద్యోగమంటూ వస్తే ఎక్కడో అద్దెగది చూసుకుని పరువుగా వెళ్లిపోవచ్చు. రాకపోతే చీపురే.

అలా రోజులు కరిగిపోతుండగా సోహినీ మేడమ్ నుంచి ఫోనొచ్చింది. ఆఫీసులన్నీ ఉండే సెక్టర్ ఫైవ్‌లో ఒక కంపెనీ కొత్తగా కస్టమర్ కేర్ ఆఫీసు తెరిచింది. దేశంలో ఎక్కడ ఎవరి ఫ్రిజ్ చెడిపోయినా ఇక్కడికి ఫోన్ చేస్తారు, ఎవరి భాషలో వాళ్లకి జవాబు చెప్పాలి. హిందీకి, బెంగాలీకి మనుషులు దొరికారు. తెలుగుకి కలకత్తాలో దొరకడం లేదు. చదవడం అక్కర్లేదు, రాయడం అక్కర్లేదు, మాట్లాడితే చాలు. వారం తిరక్కుండా ఇంటర్వ్యూ. నువ్వు తెలుగమ్మాయివి కదా, ఇంతకాలం చెప్పవేం అని మేడమ్ మందలించింది కూడా. ఆ మహాతల్లికి తను చెప్పిన పాఠం గుర్తున్నట్టు లేదు.

సమీర వసారాలోకి వచ్చి తల్లి పక్కన నేలమీద కూలబడింది.

"అమ్మా" అంది. తర్వాతి మాట కోసం కాసేపు తడుముకుంది. "నాకు తెలుగు నేర్పు అమ్మా. మళ్లీ."

సన్యాసమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. తన దగ్గర కూతురికివ్వడానికి ఏమీ లేదని ఆమెకి లోలోపల పెద్ద దిగులు. కాలేజీలో అడిగే ఫారాలు నింపలేదు, మేడమ్‌లతో మాట్లాడలేదు, కోటుకి ఇస్త్రీ చేయడం ఒక్కటే చేతనయ్యేది. తన నోట్లో ఉన్నది కూడా ఒక సొత్తేనని, దానికి ఏసీ ఆఫీసులో కూర్చోబెట్టి జీతమిచ్చేవాళ్లున్నారని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆ వారమంతా ఆ వరస వరసే ఒక కాలేజీ అయిపోయింది. వరసలోకల్లా పెద్దది జగ్గమ్మ. పెళ్లికైనా చావుకైనా ముందు పిలిచేది ఆమెనే. ఆమె కస్టమర్ వేషం కట్టి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. జగ్గమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదన్నది వేరే సంగతి.

"ఒలే, నా పిరిజ్జు పాడైపోనాది. ఏటి సేస్తావు?"

"ఎప్పటి నుంచి పాడైంది అమ్మా?" అనేది సమీర, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ.

"అలగ కాదే. ముందు మనిసి బెంగ తీర్సాల. అయ్యో, అలగా తల్లీ, అనాల. పిరిజ్జు ఎక్కడికి పోద్ది, తరవాత సూడొచ్చు."

కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు కూడా బిందెలు పక్కన పెట్టి తలో మాట అందించేవారు. ఆ పిల్ల నోట ఒకప్పటి మాటలు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే సన్యాసమ్మకి తిండి సయించేది కాదు, సంతోషానికి. ఒకరోజు సమీర ఒక అనుమానం అడిగింది.

"హిందీలో కస్టమర్‌ని ఆప్ అంటాం. తెలుగులో మీరు అనాలి కదా అమ్మా?"

"మీరంటే దూరం నాయనా" అంది సన్యాసమ్మ. ఇంత తెలిసిన పిల్లకి ఈపాటి తెలియదా అని ముచ్చట పడిపోతూ. "ఆఫీసర్ని అంటాం. తగువుపడ్డ ఇయ్యంకుణ్ణి అంటాం. కట్టంలో ఉండి మనోళ్లు ఫోన్ సేస్తే మీరు గీరు అంటావేటి? ఎంత పెద్దోళ్లైనా నువ్వమ్మా, నువ్వు బాబూ అనాల. అప్పుడు ఆళ్లకి మనసు సల్లబడతాది. నాను మా అమ్మని నువ్వనే అన్నాను. దేవుణ్ణి నువ్వనే అంటాం."

జగ్గమ్మ తలూపింది. బిందెలవాళ్లూ తలూపారు. అందులో అబద్ధమేమీ లేదు, ఆ వరసలో ప్రేమకి అదే మాట. సమీర ఇంకోసారి అడగబోయి ఊరుకుంది. కాలేజీలో ఎవరేం చెప్పినా ప్రశ్న వేసే పిల్ల, తల్లి చెప్పింది కదా అని ఒప్పుకుంది.

ఇంటర్వ్యూ రోజున జగ్గమ్మ కుళాయి దగ్గర కాపలా నిలబడి ఎవరినీ బిందె మోగనివ్వలేదు. గదిలో ఫోన్ తెరమీద ఇద్దరు కనబడ్డారు. హైదరాబాద్ ఆఫీసు నుంచి నీరజ అనే ఆవిడ, ఆవిడ పక్కన ప్రదీప్‌కుమార్ అనే అతను.

"ముందు ఫోన్ తిప్పి గది చూపించండి సమీరా. మీరొక్కరే ఉండాలి, పక్కన ఎవరూ అందించకూడదు. అందరికీ ఇదే రూలు" అంది నీరజ.

సమీర ఫోన్ తిప్పి చూపించింది. గుడ్డ తెర గుడ్డ తెరలాగే కనబడింది. దాని వెనక సన్యాసమ్మ ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, ఒక సంగతి గ్రహించి ఉలిక్కిపడింది. ఆవిడ అన్న ప్రతి మాటా తనకి అర్థమైంది. ఇన్ని ఇంటర్వ్యూల్లో ఇదే మొదటిసారి. కూతురు ఇన్నాళ్లూ ఒంటరిగా వెళ్లొచ్చిన చోటికి ఇవాళ తనూ తోడు వెళ్లినట్టు అనిపించింది.

మీ గురించి చెప్పండి అన్నారు. సమీర చెప్పింది. కాలేజీ, క్లబ్బు, పార్క్ స్ట్రీట్ ఆఫీసు. మధ్యలో హిందీ దొర్లినా ధైర్యంగానే చెప్పింది. బాగుంది, భయం లేదు మీకు అని నీరజ మెచ్చుకుంది. తెర వెనక సన్యాసమ్మ ఆ మెప్పుని కళ్లు మూసుకుని విన్నది.

"ఇప్పుడు నేను కస్టమర్‌ని" అన్నాడు ప్రదీప్‌కుమార్. గొంతు మార్చి ముసలాయనలా దగ్గాడు. "హలో. మేము ఫ్రిజ్ కొని ఎన్నాళ్లో కాలేదు, చల్లబడటం లేదు. మీ మెకానిక్కులు వచ్చి చూసి వెళ్లిపోతున్నారు. మా గోడు పట్టించుకునేవాళ్లే లేరా?"

"అయ్యో, అలగా బాబూ" అంది సమీర. సన్యాసమ్మ గుండె ఉప్పొంగింది. "నువ్వు బెంగెట్టుకోకు బాబూ. నాను సూస్తాను కదా. ఎప్పుట్నించి పాడైపోనాదో నువ్వు నెమ్మదిగా సెప్పు."

అవతల ప్రదీప్‌కుమార్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, ఆపుకోలేక వచ్చిన నవ్వు. సినిమాలో అంట్లు తోమే మనిషి నోరు తెరవగానే హాల్లో జనం నవ్వుతారే, అది.

"సారీ సమీరా, ఏమనుకోకండి. పెద్దాయన్ని పట్టుకుని నువ్వు నువ్వు అంటారేంటండీ? కస్టమర్ ఫ్రిజ్ సంగతి మర్చిపోయి మీ మీద కంప్లైంట్ ఇస్తాడు. అసలు ఎవరు నేర్పారు మీకీ తెలుగు?"

సమీర "సారీ సర్" అంది. గొంతు సన్నబడింది.

ఆ సన్నబడ్డ గొంతు సన్యాసమ్మకి బాగా తెలిసినదే. ఇన్నాళ్లూ అవతలివాళ్లు ఏదో పెద్ద చదువుల ప్రశ్న వేసుంటారని, అది తమ తాహతుకి మించినదని సరిపెట్టుకునేది. ఇవాళ అలా సరిపెట్టుకోవడానికి లేదు. ఇంగ్లీషులో అయినా బాగుండేది, అర్థం కాకుండా పోయేది. పిల్ల అన్న మాటల్లో పిల్లది ఒక్కటీ లేదు. అన్నీ తనవి, తన తల్లివి, జగ్గమ్మవి. వాళ్లు నవ్వింది తనని. నవ్వితే నవ్వారు, ఒళ్లంతా సిగ్గుతో మండినా ఓర్చుకునేది. కానీ ఆ నవ్వుకి మూల్యం పిల్ల కట్టాలి. మీరు అనాలేమో అని పిల్ల అడిగింది కదా. అడిగిన పిల్ల నోరు తనే నొక్కింది.

"పర్వాలేదు సమీరా, ఒక్క నిమిషం" అంది నీరజ. "నేనేమనుకుంటున్నానంటే..."

పర్వాలేదు అన్నారంటే పంపించేస్తున్నారన్నమాటే అనుకుంది సన్యాసమ్మ. ఆమె ఎరిగిన ఆఫీసులన్నిటిలోనూ ఆ మాటకి అదే అర్థం. ఇక ఆగలేకపోయింది. తెర తోసుకుని వెళ్లి, రొప్పుతూ, ఫోన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడించింది.

"తల్లీ, పిల్ల తప్పు నేదమ్మా. అది మీరనే అంటానంది. ఒద్దని నానే సెప్పినాను. నువ్వు కోపం సెయ్యకు తల్లీ. నువ్వు మా ఇంటి ఆడపడుచు లాటి దానివి. దానికి ఇంకొక్కపాలి దయసూడమ్మా, నువ్వు సల్లగుంటావు."

ఎంత బతిమాలితే అంతగా ఆ నువ్వే వచ్చింది. అమ్మవారిని అడిగినట్టే అడిగింది, ఆమెకి తెలిసిన బతిమాలడం అదే.

"మా, అందర్ జా" అని లోపలికి పొమ్మంది సమీర, తల తిప్పకుండా.

 "సమీరా, గదిలో ఎవరూ లేరని చూపించారు కదా" అంది నీరజ.

"మా అమ్మ మేడమ్."

"అర్థమైందమ్మా. కానీ ఇదంతా రికార్డవుతోంది. వెనక ఇంకో మనిషి ఉంటే ఇంటర్వ్యూ చెల్లదు. నా చేతిలో కూడా లేదు." ఆవిడ గొంతులో బాధ నిజమైనదే. "ఇంకో కాల్ ఇద్దామనే చెప్పబోయాను. ఈసారి మీరు అని మాట్లాడి చూడమందామని. మిగతాదంతా ట్రైనింగ్‌లో సర్దుకునేది. ప్చ్." తర్వాత చూపు కాస్త పక్కకి తిప్పింది. "అమ్మగారూ, మీరు బాధపడకండి."

ఫోన్ నల్లబడింది. సన్యాసమ్మ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఇంకో కాల్ ఇచ్చేవారట. ఇంకొక్క ఊపిరిపాటు నోరు మూసుకుని కూర్చుంటే ఇచ్చేవారట. ఇన్నేళ్లు పిల్ల కాలేజీని పట్టుకుని గోడ ఎక్కుతూ ఎక్కుతూ ఇవాళ చెయ్యి పైకి అందిన చోట, కింద నుంచి కాళ్లు పట్టి లాగింది ఎవరో కాదు, తనే. పగవాళ్లయినా ఇంత పని చేయరు.

సమీర కోటు విప్పి, మడత చెడకుండా మంచం మీద పెట్టింది. స్టూలెక్కి గోడమీది దుప్పటి ఊడదీసింది.

"తిట్టే నన్ను" అంది సన్యాసమ్మ. "ఒక్క మాటను. నీ కాళ్లట్టుకుంటాను."

సమీర తిట్టలేదు. తిడితే బాగుండేది. దుప్పటి రెండు కొసలూ కలిపి మడుస్తోంది.

జగ్గమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నె, సేమ్యా పాయసం. "ఏటే, మనోళ్లు ఏటన్నారు?"

సన్యాసమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"బాగానే మాటాడినారు మామ్మా" అంది సమీర. "కబురెడతామన్నారు."

"మరేటి. మనోళ్లు మనోళ్లే" అంది జగ్గమ్మ తృప్తిగా. గిన్నె గట్టుమీద పెట్టి, కుళాయి దగ్గరున్నవాళ్లకి చెప్పడానికి గబగబా వెళ్లిపోయింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. అంతసేపూ ఆపి ఉంచిన బిందెలన్నీ ఒక్కసారిగా మోగాయి.

సమీర మడిచిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని తల్లి ఎదురుగా కూర్చుంది. ఆ కళ్లలో కన్నీళ్లు లేవు. ఎక్కడా ఉద్యోగం రాని రోజుల్లో కూడా ఆ కళ్లలో ఒక పట్టుదల ఉండేది, ఇంకో చోట చూద్దాం అన్నట్టు. ఇప్పుడు అదీ లేదు.

"అయ్యకి సెప్పమ్మా" అంది. "సూపర్‌వైజరు దాదాకి నా పేరు ఇచ్చీమను. ఆ పనికి నానే ఎల్తాను."

తడుముకోలేదు. మధ్యలో హిందీ రాలేదు. అచ్చం సన్యాసమ్మ తల్లి మాట్లాడినట్టే ఉంది. ఆ వార్డులో ఈ మాటకి నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు.

వద్దనాలని సన్యాసమ్మ నోరు తెరిచింది. ఏం అంటే ఇంకేం చెడుతుందోనని భయమేసి, మళ్లీ మూసుకుంది.